సంఘాన్ని విడువలేదు, సత్యాన్నీ విడువలేదు

మార్మను సంఘ చరిత్రకారిణి జువానిటా బ్రూక్స్ జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందుంచుతున్నాము. ఆమె 1898లో అమెరికాలోని నెవాడాలో ఒక మార్మను గ్రామంలో జన్మించారు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొని, పసిబిడ్డను పెంచుకుంటూ చదివి, కళాశాల అధ్యాపకురాలయ్యారు.

అంతకుముందు, బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో, నీఫై జాన్సన్ అనే వృద్ధుడు తాను కళ్లారా చూచిన సంగతి ఒకటి వ్రాసిపెట్టమని ఆమెను కోరాడు. తర్వాత చూద్దామనుకున్నారు. వెళ్లేసరికి ఆయన మరణశయ్య మీద రక్తాన్ని గూర్చి కలవరిస్తున్నాడు.

ఆ రక్తం 1857 నాటిది. యూటాలోని మౌంటెన్ మెడోస్ వద్ద, కాలిఫోర్నియాకు వలస పోతున్న సుమారు 120 మందిని స్థానిక మార్మను దళం, ప్రాణహాని ఉండదని నమ్మించి చంపింది. 17 మంది పసిపిల్లలే మిగిలారు. శిక్ష మాత్రం జాన్ డి. లీ ఒక్కనికే పడింది.

బ్రూక్స్ ఓపికగా సాక్ష్యాలు సేకరించారు. ఇంటికి ఎవరైనా వస్తే టైపు మిషనును ఇస్త్రీ బట్టల కింద దాచేవారు. 1950లో పుస్తకం వెలువడ్డాక సొంతవారే కొందరు ముఖం చాటేశారు. ఆమె మాత్రం సంఘాన్ని విడువలేదు. 1961లో లీ జీవితచరిత్ర ప్రచురించారు. ఏనాడో వెలివేసిన లీ సభ్యత్వాన్ని ఆ సంఘం ఆ ఏడే పునరుద్ధరించింది. 1989లో ఆమె కన్నుమూశారు.

ఆ సంఘ బోధలతో మనకు భేదమున్నది. అయినా ఒక ప్రశ్న మనదే. మన జూబిలీ సంచికలలో కట్టిన మందిరాలు, పనిచేసిన పాస్టరుగార్ల పేర్లే అచ్చువేసి, జరిగిన అన్యాయాలను వదిలేస్తున్నామా? సంఘాన్ని ప్రేమించేవారే దాని తప్పును ముందుగా ఒప్పుకోవాలని ఆమె జీవితం మనకు గుర్తు చేస్తున్నది.