హాఫ్‌కిన్ జీవితం చెప్పేది: టీకాకు దారీ ముఖ్యమే!

శంషాబాద్ విమానాశ్రయం కార్గో టెర్మినల్ నుంచి టీకాలు చల్లటి పెట్టెల్లో దేశవిదేశాలకు వెళ్తుంటాయి. చాలా టీకాలను దారి పొడవునా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంచాలి. ఇంత జాగ్రత్త దేనికంటారా? మందు మంచిదైతే చాలదు, ఒంట్లోకి చేరేదాకా ఏ పొరపాటూ జరగకూడదు. ఈ సంగతి వాల్డెమార్ హాఫ్‌కిన్‌కి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదేమో. బయోటెక్, ఫార్మా వైపు వెళ్లాలనుకుంటే ఆయన కథ మీరు చదవాల్సిందే.

లైబ్రరీ నుంచి ల్యాబ్‌కి...

హాఫ్‌కిన్ 1860లో ఒడెస్సాలో యూదు కుటుంబంలో పుట్టారు. మతం మారితే తప్ప అక్కడ ప్రొఫెసర్ అయ్యే అవకాశం లేదు. ఆయన మారలేదు. పారిస్‌ వెళ్లి పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో దొరికిన లైబ్రరీ ఉద్యోగంలో చేరిపోయారు. వీలు దొరికినప్పుడల్లా ల్యాబ్‌లోనే. 1892 జులైలో కలరా టీకాను మొదట తనకే వేసుకున్నారు. మరుసటి ఏడాది భారత్‌ వచ్చి, తర్వాత కలకత్తా బస్తీల్లో టీకాలు వేశారు.

1896లో బొంబాయిని ప్లేగు పట్టుకుంది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఇచ్చిన కాస్త చోటులోనే మూడు నెలల్లో టీకా తయారుచేశారు. 1897 జనవరి 10న దాన్నీ ముందు తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు.

ఒక సీసా... 19 ప్రాణాలు

1902 అక్టోబరు 30న పంజాబ్‌లోని ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి ప్లేగు టీకా వేశారు. వారిలో ఒకే సీసాలోని మందు తీసుకున్న 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్‌కిన్ మీద పడింది, ల్యాబ్ బాధ్యతలు పోయాయి. కానీ అసలు లోపం ఆయన ల్యాబ్‌లో లేదు. ఊళ్లో సీసా మూత తీసే పటకారు సహాయకుడి చేతిలోంచి నేలమీద పడింది, దాన్ని సరిగా శుభ్రం చేయకుండానే వాడారు.

ఆయన పక్షాన గట్టిగా నిలబడింది ఎవరో తెలుసా? రోనాల్డ్ రాస్! 1897లో సికింద్రాబాద్‌లో పనిచేస్తూ దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టిన ఆయనే. ఆయన పేరున్న పరిశోధనా సంస్థ బేగంపేట పాత విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉంది. రాస్‌ సహా పది మంది శాస్త్రవేత్తలు 1907లో లండన్ టైమ్స్ పత్రికకు లేఖ రాశారు. అదే ఏడాది హాఫ్‌కిన్‌పై మచ్చ తొలగింది. కలకత్తా తిరిగొచ్చినా పాత హోదా మాత్రం దక్కలేదు. 1925లో బొంబాయి ల్యాబ్‌కి ఆయన పేరు పెట్టారు. 1930లో కన్నుమూశారు.

సూది లేకుండా...

ఆ రోజు ప్రాణాలు తీసింది టీకా కాదు, అది చేరిన దారి. ఆ దారిని మార్చే ప్రయత్నాల్లో ఒకటి ముక్కు టీకా. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ తెచ్చిన ఇన్‌కొవాక్ 2023 జనవరి 26న విడుదలైంది. రెండు ముక్కు రంధ్రాల్లో నాలుగేసి చుక్కలు, అంతే! ఇందులో మందును మోసే వాహనం బలహీనపరిచిన వైరస్.

వైరస్‌కి బదులు బయోమెటీరియల్స్‌నీ వాహనంగా వాడొచ్చు. ముక్కులోకి వెళ్లిన దేన్నయినా అక్కడి సన్నటి నూగు సుమారు 20 నిమిషాల్లో గొంతువైపు నెట్టేస్తుంది. ఆలోపే టీకా పని మొదలవ్వాలి. రొయ్య పొట్టు నుంచి తీసే కైటోసాన్‌కి ధనావేశం ఉంటుంది, ముక్కులోని జిగురుకి రుణావేశం. అందుకే రెండూ అతుక్కుంటాయి, మందు కాసేపు నిలుస్తుంది. ఒంట్లో కరిగే కుట్ల దారంలో వాడే పీఎల్‌జీఏతోనూ టీకాను మోసే సూక్ష్మ కణాలు చేస్తున్నారు.

అయితే ఇక్కడా ఏమరుపాటు కుదరదు. 2000-01లో స్విట్జర్లాండ్‌లో ఓ ముక్కు ఫ్లూ టీకా తీసుకున్న కొందరికి ముఖ పక్షవాతం రావడంతో దాన్ని ఆపేశారు. వేళ్లు టీకా బలం పెంచడానికి కలిపిన పదార్థం వైపే చూపాయి. సూది పోయినా బాధ్యత పోలేదన్నమాట.

మీరేం చదవాలి?

ఈ రంగానికి ఒక్క కోర్సు అంటూ లేదు. బీఫార్మసీ, మైక్రోబయాలజీ, కెమికల్ ఇంజినీరింగ్, పాలిమర్ సైన్స్... ఏ దారిలోనైనా రావచ్చు. బీఫార్మసీ తర్వాత బాలానగర్‌లోని నైపర్‌లో ఎంఎస్‌కి ప్రయత్నించొచ్చు, దానికి నైపర్ జేఈఈ రాయాలి. టీకా కనిపెట్టడమే గొప్ప పని అనుకోకండి. దాన్ని నిల్వ చేసేవారు, పరీక్షించేవారు, చేరవేసేవారు కూడా ప్రాణాలకు జవాబుదారులే. ముల్కోవాల్‌లో నేలమీద పడిన పటకారును గుర్తుంచుకుంటే చాలు.