కరెంటు శాఖలో బాబాసాహెబ్

బండారులంక అమలాపురం పక్కనే ఉన్న నేత ఊరు. ఆ జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. పేరు మాత్రం నిలిచింది. ఆ పేరుగల మనిషికి నీళ్లతో, కరెంటుతో ఉన్న సంబంధం అడ్డుపడ్డవాళ్లకే కాదు, జైభీమ్ అనే మనలోనూ చాలామందికి తెలీదు.

1891లో మౌలో పుట్టిన భీమ్‌రావు బడిలో కుండ ముట్టుకోకూడదు. బంట్రోతు పైనుంచి పోస్తేనే దాహం తీరేది. 1927 మార్చి 20న ఆయన వేలమందిని వెంటబెట్టుకుని మహద్ చవదార్ చెరువులో దిగి నీళ్లు తాగారు. నీళ్లు ఎవరివన్న ప్రశ్న ఆయనకు పుస్తకాల్లో దొరికింది కాదు.

1942 జూలైలో వైస్రాయి కార్యవర్గంలో కార్మిక సభ్యుడయ్యారు. సాగునీరు, విద్యుత్తు కూడా అప్పట్లో ఆ శాఖ కిందే. మరుసటేడు దామోదర్ నది బెంగాల్‌ను ముంచెత్తింది. గట్లు పెంచి చేతులు దులుపుకుంటే చాలదని, వరద నివారణ, సాగు, కరెంటు, పడవల రాకపోకలు అన్నీ ఒకే పథకంలో సాగాలని ఆయన వాదించారు. అమెరికా టెన్నెసీ లోయ పథకం అందుకు నమూనా. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు, 1945లో కేంద్ర జలమార్గ, సాగునీటి, నౌకాయాన సంఘం వచ్చాయి. ఈనాటి కేంద్ర జల సంఘానికి మూలం ఇదే. 1945 నవంబరులో కటక్‌లో మహానది మీద సమావేశం నడిపారు. నాలుగు నెలలకే హిరాకుడ్‌కు శంకుస్థాపన జరిగింది.

ఇంత ఆరాటం ఎందుకు? పరిశ్రమలొస్తే తప్ప పేదరికం పోదని, చౌకగా పుష్కలంగా కరెంటు లేకుండా పరిశ్రమలు రావని ఆయన లెక్క. పొలం లేని మాలమాదిగలు ఆసాముల చేల మీదే బతకక్కర్లేని రోజు అలా వస్తుంది. కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలోనే ఉండాలని 1947లో రాతపూర్వకంగా కోరారు. ఈ సగాన్ని తర్వాతివాళ్లు వదిలేశారు. ఆనకట్టలను మాత్రం పట్టుకున్నారు.

ఇది దాచుకోవాల్సిన మాట కాదు: హిరాకుడ్ కింద లక్షమందికి పైగా ఊళ్లు వదిలారు. ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం 1955లో మొదలైంది. అక్కడ కదిలించిన కుటుంబాల్లో సగం ఆదివాసులవే, దళితులూ ఉన్నారు. మరుసటేడు డిసెంబరు 6న బాబాసాహెబ్ కన్నుమూశారు.

ఆ మాచ్‌ఖండ్ నదే కిందికొచ్చి సీలేరు అవుతుంది, శబరిలో కలుస్తుంది, కూనవరం దగ్గర గోదావరిలో పడి లంకలకు చేరుతుంది. దారిలో ఎన్ని ఆనకట్టలో! ఒండ్రు ఎగువనే ఆగిపోతోంది. ఒండ్రుతో పుట్టిన కోనసీమ అంచును సముద్రం కోసుకుపోతోంది. ఇప్పుడు సీలేరు మీదే 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ తలపెట్టారు. పోలవరంలో 960 మెగావాట్లు. దాని కింద కదలాల్సినవి లక్ష కుటుంబాల పైమాటే. కూనవరం, వరరామచంద్రపురం, చింతూరు మండలాల కోయలు, కొండరెడ్లు వాళ్లలో ఉన్నారు.