భానుమతికి పొగరా?

తెలుగు సినిమాకి దర్శకత్వం వహించిన మొదటి స్త్రీ ఎవరని మన సెకండియర్ వాళ్ళని అడిగి చూశాను. ఎక్కువమంది విజయనిర్మల అన్నారు. ఇద్దరు సావిత్రి అన్నారు. ఒక్కరే భానుమతి పేరు చెప్పారు. ఆ చెప్పినావిడ కూడా వెంటనే, ఆవిడకి చాలా పొగరట కదా అని కలిపింది. సరైన జవాబు ఆ ఒక్కరిదే. విజయనిర్మల తెలుగులో తీసిన మొదటి సినిమా మీనా, 1973లో వచ్చింది. సావిత్రి చిన్నారి పాపలు 1968. భానుమతి చండీరాణి వచ్చింది 1953లో. అప్పటికి ఆవిడకి ఇంకా ఇరవై ఎనిమిది నిండలేదు. ఇరాన్‌లో ఒక స్త్రీ దర్శకత్వంలో మొదటి కథాచిత్రం, షహ్లా రియాహీ తీసిన మర్జాన్, 1956లో గానీ రాలేదు. అంటే మన ఒంగోలు ప్రాంతపు అమ్మాయి ఆవిడ కంటే మూడేళ్ళు ముందుంది. రియాహీ కూడా నటిగా ఉంటూనే కెమెరా వెనక్కి వెళ్ళింది.

పేరు పక్కనే అతుక్కుపోయిన ఆ పొగరు అనే మాట సంగతి తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను.

భానుమతి 1925 సెప్టెంబర్ 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారు, తల్లి సరస్వతమ్మగారు. తండ్రికి సంగీతం ప్రాణం, కూతురికి చిన్నప్పుడే నేర్పించారు. పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో సినిమా అవకాశం వచ్చింది. చిత్తజల్లు పుల్లయ్యగారు కలకత్తాలో తీసిన వరవిక్రయం, 1939లో విడుదలైంది. కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకం మనలో చాలామందికి తెలుసు. కట్నం ఇచ్చి వరుణ్ణి కొనే పెళ్ళి చేసుకోలేక ప్రాణం తీసుకునే కాళింది వేషం భానుమతిది. చెల్లెలు కమలగా పుష్పవల్లి నటించారు. కమల పెళ్ళి చేసుకుని, డబ్బిచ్చి కొనుక్కున్న మొగుడు కాబట్టి నువ్వే మా ఇంట పడుండాలని తిరగబడుతుంది. నాకెప్పుడూ ఒకటి అనిపిస్తుంది, ఆ వేషాలు తారుమారయ్యాయేమో అని. ఆ తర్వాతి జీవితమంతా భానుమతి కమలలాగే బతికారు.

కూతుర్ని సినిమాల్లోకి పంపుతూ తండ్రి ఒక షరతు పెట్టారని అంటారు. హీరో ఆమెను ముట్టుకోకూడదు, కౌగిలించుకునే సీన్లు ఉండకూడదు. ఇప్పుడు నవ్వొస్తుంది కానీ, ఆ రోజుల్లో సినిమా వేషం కట్టిన ఆడపిల్లని ఊరు ఎలా చూసేదో తలుచుకుంటే ఆయన భయం అర్థమవుతుంది. నా లెక్కలో అసలు విషయం వేరే. షరతులు పెట్టవచ్చని ఆ అమ్మాయి అప్పుడే చూసింది. మొదట తండ్రి పెట్టారు, తర్వాత తనే పెట్టడం నేర్చుకుంది.

1943లో కృష్ణప్రేమ సినిమాకి పని చేస్తున్నప్పుడు అక్కడ అసిస్టెంట్ డైరెక్టర్‌గా ఉన్న పి.ఎస్.రామకృష్ణారావుగారిని ఇష్టపడ్డారు. పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. ఆ సంవత్సరం ఆగస్టులోనే పెళ్ళయిపోయింది. హీరోయిన్ స్థాయి ఎక్కడ, అసిస్టెంట్ జీతం ఎక్కడ! పెళ్ళయ్యాక సినిమాలు మానేసి ఇల్లు చూసుకుందామనుకున్నారు. బి.ఎన్.రెడ్డిగారి స్వర్గసీమ (1945) మళ్ళీ లాక్కొచ్చింది. అందులో పావురం పాట మా నాన్నమ్మ ఇప్పటికీ కూనిరాగం తీస్తుంది, పప్పు మాడిపోయినా పట్టించుకోదు.

కొడుకు భరణి పేరుతో భార్యాభర్తలు భరణీ పిక్చర్స్ పెట్టారు. రత్నమాల, లైలా మజ్ను తీశారు. మద్రాసు సాలిగ్రామంలో భరణీ స్టూడియో కట్టారు. ఇంకొకరి స్టూడియోలో ఇంకొకరి కాల్షీట్ ప్రకారం పని చేసే నటికీ, సొంత స్టూడియో ఉన్న నటికీ తేడా ఉంది. రెండో ఆవిడకి నచ్చని పనికి కాదు అని చెప్పి ఇంటికి వచ్చేసే దారి ఉంటుంది. పొగరు సంగతి మాట్లాడేవాళ్ళు ఈ స్టూడియో సంగతి మర్చిపోతారు.

ఇక చండీరాణి. కథ ఆమెదే, దర్శకత్వం ఆమెదే, కవలలుగా రెండు వేషాలూ ఆమెవే. ఒకరు కోటలో పెరుగుతారు, ఒకరు అడవిలో. హీరో ఎన్.టి.రామారావు. అప్పటికే పాతాళభైరవి వచ్చి ఆయన పెద్ద స్టార్. ఇంకా పెద్ద సాహసం ఏంటంటే తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ ఒకేసారి తీశారు. ఈ రోజుల్లో డబ్బింగ్ చేసి పాన్ ఇండియా అంటున్నాం కదా, అది కాదు ఇది. ఒకే సెట్లో, అదే వేషంలో, ఒక్కో సీనూ ఒక్కో భాషలో విడిగా నటించాలి. పైగా కవలలు. అప్పట్లో ఇద్దరినీ ఒకే ఫ్రేములో చూపించాలంటే కెమెరాలో సగం మూసి ఒక వేషం తీసి, ఫిల్మ్ వెనక్కి తిప్పి, మిగతా సగంలో రెండో వేషం తీయాలి. మేకప్, చీర, నడక అన్నీ మధ్యలో మార్చాలి. రెండు వేషాలు, మూడు భాషలు, అంటే అక్కాచెల్లెళ్ళు కలిసే ఒక్క షాట్‌కి ఆవిడ కనీసం ఆరుసార్లు కెమెరా ముందుకి వెళ్ళాలి. వెళ్ళిన ప్రతిసారీ షాట్ బాగుందా లేదా అని తేల్చాల్సింది కూడా ఆవిడే. ఇవాళ్టిలాగా పక్కన మానిటర్ లేదు, అప్పటికప్పుడు చూసుకోడానికి.

భాషల సంగతి నాకు కొంచెం ఎక్కువ తగులుతుంది. మాది కోరాపుట్ జిల్లా దసమంతపూర్. అమ్మ ఒడియా మాట్లాడుతుంది, నాన్నవైపు తెలుగు. ఇంట్లో ఒకే మాట నాన్నమ్మకి తెలుగులో ఒకసారి, అమ్మకి ఒడియాలో ఒకసారి చెప్పడం నాకు రోజూ ఉన్న పనే. మాట అదే అయినా పొడుగు మారిపోతుంది, కోపం మారిపోతుంది. తెలుగులో విసుగ్గా వచ్చేది ఒడియాలో బతిమాలినట్టు వస్తుంది. అందుకని ఒకే సీనులో మూడుసార్లు ఏడవడం, అదీ మూడు భాషల కొలతకి సరిపోయేలా ఏడవడం ఎంత పనో నేను ఊహించగలను.

చండీరాణి తర్వాత ఆవిడ మళ్ళీ దర్శకత్వం చేసింది 1972లో, అంతా మన మంచికే సినిమాకి. మధ్యలో పంతొమ్మిదేళ్ళు. నా వయసంత ఖాళీ! ఖాళీ అన్నానే గానీ ఆ కాలంలో ఆవిడ ఖాళీగా ఎక్కడున్నారు? విప్రనారాయణ, బాటసారి లాంటి భరణీ సినిమాలకి భర్త దర్శకుడు, ఆవిడ నటి, గాయని. చక్రపాణి (1954) సినిమాకి సంగీతం కూడా ఆవిడే. తమిళంలో రంగూన్ రాధా చేశాక అన్నాదురైగారు ఆవిడని నటనకే వ్యాకరణం అని అర్థం వచ్చే బిరుదుతో పిలిచారు. వ్యాకరణం క్లాసంటే పారిపోయే మనకి అది ఎంత పెద్ద పొగడ్తో తెలీదు! అదే సమయంలో కథలు కూడా రాశారు. అత్తగారి కథలకి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. తెలుగులో హాస్యం రాసిన ఆడవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, ఆ వేళ్ళలో మొదటిది ఈవిడదే అని నా ఉద్దేశం. అత్తాకోడళ్ళంటే కొట్టుకోవడమే అనుకునే మన సీరియళ్ళ వాళ్ళు ఒకసారి చదవాలి. ఆ అత్తగారి చాదస్తం చూసి నవ్వుతాం, కానీ ఆవిడని ఎక్కడా అసహ్యించుకోం.

పొగరు అనే పేరు బలంగా పడింది మిస్సమ్మ దగ్గర. ఆ సినిమాకి మొదట హీరోయిన్ భానుమతే. కొన్ని రీళ్ళు తీశారు కూడా. ఇంట్లో వ్రతం ఉండి ఒకరోజు షూటింగ్‌కి ఆలస్యంగా వచ్చారని, నిర్మాత చక్రపాణిగారు క్షమాపణ రాసివ్వమన్నారని, ఆవిడ రాయనన్నారని, ఆయన ఆ రీళ్ళు తగలబెట్టారని చెప్పుకుంటారు. వేషం సావిత్రికి వెళ్ళింది, తెలుగువాళ్ళకి ఒక మహానటి దొరికింది. దానివల్ల సావిత్రి పైకొచ్చిందని భానుమతి తర్వాత సంతోషంగానే మాట్లాడేవారట. ఈ కథ చెప్పేటప్పుడు రీళ్ళు తగలబెట్టినాయన పట్టుదల గల మనిషి అవుతాడు, సారీ చెప్పనన్నావిడ పొగరుబోతు అవుతుంది. ఒక్కటే గొడవ, రెండు పేర్లు. మా ఇంట్లో రెండు భాషలున్నా ఈ విషయంలో మాత్రం రెండూ ఒకటే. నాన్నమ్మ నన్ను పొగరు అంటుంది, అమ్మ గర్బ అంటుంది, తమ్ముణ్ణి మాత్రం ఇద్దరూ వాడికి పౌరుషం ఎక్కువ అంటారు. అన్నట్టు, మిస్సమ్మ కంటే ముందే భరణీ వాళ్ళు ఒక పిసినారి తాతగారి మీద హాస్య సినిమా విడుదల చేశారు. నేనేమీ అనను, దాని పేరు మాత్రం పైన చెప్పాను.

తర్వాతి సంగతులు తొందరగా చెప్తాను. 1966లో పద్మశ్రీ, అదే ఏడాది పల్నాటి యుద్ధంలో నాయకురాలు నాగమ్మ. మగవాళ్ళ సభలో మంత్రిగా కూర్చున్న ఆడదాని వేషానికి ఇంకెవరిని పెడతారు! మద్రాసులో ప్రభుత్వ సంగీత కళాశాలకి ప్రిన్సిపాల్‌గా చేశారు. 1982లో అంతా పిల్లలతోనే భక్త ధ్రువ మార్కండేయ తీశారు. పెద్ద నటుల్ని కాదు, గదినిండా పిల్లల్ని ఒక మాట మీద నిలబెట్టడం ఎంత కష్టమో ట్యూషన్ చెప్పే మనవాళ్ళని అడగండి. 1984లో మంగమ్మగారి మనవడు వచ్చి, మా అమ్మానాన్నల తరానికి కూడా ఆవిడ తెలిసిపోయారు. భర్త 1986లో పోయారు. ఆత్మకథ నాలో నేనుకి సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ అవార్డు, 2001లో పద్మభూషణ్. సాలిగ్రామంలో పేద పిల్లల కోసం బడి నడిపారు. 2005 డిసెంబర్ 24న చెన్నైలో కన్నుమూశారు.

చండీరాణి చూడదలుచుకున్నవాళ్ళు కవలలు ఎదురెదురుగా నిలబడే చోట కొంచెం ఆగి చూడండి, ఇద్దరి చూపులూ కలిశాయా లేదా అని. అత్తగారి కథలు మన డిపార్ట్‌మెంట్ బీరువాలో ఒకటే కాపీ ఉంది, ప్రస్తుతం నా దగ్గరే ఉంది. సోమవారం తిరిగి పెట్టేస్తాను. ముందు నాన్నమ్మకి ఫోన్‌లో చదివి వినిపించాల్సిన కథలు ఇంకా రెండు మిగిలాయి.