గొడ్డార్డు పండితుడు - శూన్యయానము

పత్రికలవారు తీర్పు చెప్పుటకు త్వరపడుదురు. తప్పు నొప్పుకొనుటకు జాగు సేయుదురు. ఈ దోషము మా వృత్తిలో గలదని మేము దాచము. రాకెట్టు శాస్త్రమునకు ఆద్యులలో నొకడైన రాబర్టు గొడ్డార్డు చరిత్రమే యిందుకు నిదర్శనము.

ఈయన 1882వ సంవత్సరము అక్టోబరు 5వ తేదీన అమెరికాలోని వూస్టరు పట్టణమున జన్మించెను. 1899లో ఒకనాడు కొమ్మలు కొట్టుటకై చెర్రీచెట్టెక్కి, కుజగ్రహమునకు బోగల యంత్రమును మనసున గాంచెను. ఆ దినమును జీవితాంతము పర్వదినముగా స్మరించెను. 1913లో క్షయవ్యాధి యాతనిని మృత్యుముఖమువరకు గొనిపోయెను. కోలుకొని క్లార్కు విశ్వవిద్యాలయమున బోధకుడై పరిశోధనలు సాగించెను.

చంద్రునివరకు రాకెట్టును బంపవచ్చునని సూచించిన యాయన గ్రంథమును స్మిత్సోనియను సంస్థ ప్రకటించెను. 1920 జనవరి 13న న్యూయార్కు టైమ్సు పత్రిక తన సంపాదకీయమున, గాలి లేనిచోట రాకెట్టు దేనిని తన్ని ముందుకు బోవునని యాక్షేపించి, బడిపిల్లల పాఠమైన నాయనకు దెలియదని పరిహసించెను.

నిజమునకు తెలియనిది పత్రికకే. తుపాకి కాల్చినవాని భుజమునకు దెబ్బ తగులును గదా! ఆ దెబ్బ గాలివలన గలుగునది కాదు. ముందుకు బోవు గుండు తుపాకిని వెనుకకు నెట్టుటచే గలుగునది. అట్లే రాకెట్టు తన గర్భమున మండిన వాయువును మహావేగమున వెనుకకు గ్రక్కును. ఆ వాయువే రాకెట్టును ముందుకు నెట్టును. ఇది న్యూటను మూడవ సూత్రము. మండుటకు వలయు ఆమ్లజనిని సయితము అది తనతో మోసికొనిపోవును. కావున గాలితో దానికి పనిలేదు. సరిగదా, గాలి దానికి అడ్డంకియే. గాలి తీసివేసిన గొట్టములో ప్రయోగము చేసి గొడ్డార్డు దీనిని అంతకు మునుపే రుజువుపరచియుండెను.

పరిహాసమునకు నొచ్చి యాయన మితభాషి యయ్యెనే గాని పని మానలేదు. 1926 మార్చి 16న ఆబర్నులోని యొక పొలమున, పెట్రోలుతోను ద్రవరూపమైన ఆమ్లజనితోను నడచు తొలి రాకెట్టును వదలెను. అది రెండున్నర సెకనులలో 41 అడుగులు లేచి, 184 అడుగుల దూరమున గోబీతోటలో బడెను. లోకము గుర్తింపలేదు. 1945 ఆగష్టు 10న ఆయన పరమపదించెను.

1969 జూలై 17న, ముగ్గురు మానవులు చంద్రుని దెసకు సాగుచుండగా, ఆ పత్రిక తన తప్పును దిద్దుకొనెను. నలుబదితొమ్మిదేండ్లు గడచెను, వినవలసినవాడు లేడు. విషయము నెరుగకయే పరిహాసమునకు గడంగు కలమును క్షణము నిలుపుట పత్రికాధర్మమని మేము మాకే చెప్పుకొనుచున్నాము.