నేర్పనన్న గురువులు

ఆలంపూర్‌లో జోగులాంబ గుడి దగ్గర కొట్లలో లక్ష్మి, సరస్వతి పటాలు అమ్ముతారు కదా, తామర పువ్వులో నిలబడిన ఆ లక్ష్మి రూపం రాజా రవివర్మ చలవే. ఆయన పేరు అందరికీ తెలుసు. కానీ ఆయనకు నూనె రంగులు నేర్పిందెవరని అడిగితే, పద్ధతిగా కూర్చోబెట్టి నేర్పినవాళ్ళు ఎవరూ లేరు!

1848లో తిరువాన్కూరు సంస్థానంలోని కిలిమానూరులో పుట్టాడు. మేనమామ రాజరాజవర్మ తంజావూరు పద్ధతిలో బొమ్మలు వేసేవాడు. తొలి పాఠాలు ఆయన దగ్గరే. పద్నాలుగేళ్ళప్పుడు తిరువనంతపురం తీసుకెళ్ళి మహారాజు ఆయిల్యం తిరునాళ్‌కు చూపించారు. అక్కడ నూనె రంగులు తెలిసిన చిత్రకారుడు రామస్వామి నాయకర్. కుర్రాడు పోటీకొస్తాడనుకున్నాడో ఏమో, నేర్పనన్నాడు. ఆయన శిష్యుడు ఆర్ముగం పిళ్ళై మాత్రం రాత్రిళ్ళు చాటుగా వచ్చి తనకు తెలిసింది చెప్పేవాడట.

1868లో థియోడర్ జెన్సెన్ అనే యూరప్ చిత్రకారుడు రాజకుటుంబం బొమ్మలు వేయడానికి వచ్చాడు. ఆయనా నేర్పడానికి ఒప్పుకోలేదు. మహారాజు చెప్పడంతో, పక్కన నిలబడి చూడటానికి మాత్రం సరేనన్నాడు.

చూస్తే ఏమొస్తుంది అనుకోకండి. నీటి రంగు నిమిషాల్లో ఆరిపోతుంది. నూనె రంగు రోజుల తరబడి తడిగా ఉంటుంది కాబట్టి చెంప మీద వెలుగుని నీడలోకి మెల్లగా కలపొచ్చు. ముఖం గుండ్రంగా, ప్రాణమున్నట్టు కనిపించేది దానివల్లే. ఏ పొర ముందు, ఏది తర్వాత అన్నది మాత్రం పూర్తయిన బొమ్మలో కనిపించదు, వేస్తుండగా చూడాల్సిందే. రవివర్మ అది చూశాడు. కోటలో ఉన్న యూరప్ చిత్రాల పుస్తకాలు తిరగేశాడు. జెన్సెన్ వెళ్ళాక మహారాజు దంపతుల బొమ్మ ఆ పద్ధతిలోనే తానూ వేశాడు. మన భాషలో దీన్ని రివర్స్ ఇంజనీరింగ్ అంటాం, కాకపోతే మనకి వీడియో వెనక్కి తిప్పుకునే వీలుంది, ఆయనకు లేదు.

1870లో డబ్బులొచ్చిన మొదటి పని దొరికింది, కోళికోడులో ఒక కుటుంబ చిత్రం. 1873లో, తల దువ్వుకుని పూలు ముడుచుకుంటున్న నాయరు స్త్రీ బొమ్మకి మద్రాసులో గవర్నర్ బంగారు పతకం వచ్చింది. ఇంకేం, సంస్థానాలన్నీ పిలిచాయి.

హైదరాబాద్ ఒక్కటే కలిసిరాలేదు. 1902లో వచ్చి ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ ఇంట దిగాడు. అప్పటి నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్, మన మహబూబ్‌నగర్‌కి ఆ పేరు ఈయన వల్లే. రవివర్మ పిలుపు కోసం ఎదురుచూశాడు కానీ ఆశించిన పని మాత్రం దొరకలేదు.

ప్రెస్ భారం కూడా మీద పడింది. 1894లో బొంబాయిలో పెట్టిన ఆ అచ్చు యంత్రాలు దేవుళ్ళ పటాలను మామూలు ఇళ్ళలోకి తెచ్చాయి గానీ ఆయన్ని అప్పుల్లో ముంచాయి. చివరికి దాన్ని ఒక జర్మన్ నిపుణుడికి అమ్మేశాడు. 1906 అక్టోబర్ 2న రవివర్మ పోయాడు. ప్రెస్ మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు పటాలు వేసింది.