తృతీయ సాలార్‌జంగ్ – వస్తుకౌతుకం, గ్రంథప్రీతి

హైదరాబాదు సంస్థాన చరిత్రలో సాలార్‌జంగ్ బిరుదాంకితులైన ప్రధానమంత్రులు ముగ్గురు. వారిలో ప్రథముడైన మీర్ తురాబ్ అలీఖాన్ 1853 నుండి 1883 వరకు దివానుగా ఉండి, పరిపాలనా సంస్కరణల వలన ప్రసిద్ధి కెక్కారు. ఆయన పౌత్రుడైన మీర్ యూసుఫ్ అలీఖాన్ కీర్తి మాత్రం రాజ్యతంత్రం వలన గాక, చిత్రవస్తువుల వలనను, సుందర గ్రంథముల వలనను నిలిచింది.

యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13న పూనాలో జన్మించారు. నెల తిరుగక మునుపే తండ్రి, ద్వితీయ సాలార్‌జంగ్ అయిన మీర్ లాయఖ్ అలీఖాన్, మరణించారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆ శిశువు సంరక్షణ విషయమై శ్రద్ధ వహించారు. 1912లో ఏడవ నిజాము ఆయనను ప్రధానమంత్రిగా నియమించారు. అప్పటికాయన వయస్సు ఇరువది మూడేండ్లు. 1914లో ఆ పదవిని విడిచి, అవివాహితులుగానే ఉండి, శేషజీవితాన్ని సేకరణకు అంకితం చేశారు.

ఈ సేకరణ సర్వం ఆయన ఒక్కరిదే యనుట సరికాదు. ముసుగు ధరించిన రెబెక్కా పాలరాతి విగ్రహాన్ని తాతగారే 1876లో కొన్నారు. అయితే ఆ వంశసంపదను అనేక రెట్లు పెంచినవారు యూసుఫ్ అలీఖాన్. దేశదేశాల వర్తకులు ఆయన నివాసమైన దివాన్ దేవిడీకి వస్తువులు తెచ్చేవారు. ఇంగ్లండు నుండి తెచ్చిన భాగములతో కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ కూర్చిన గడియారం అందులో ఒకటి. గంట గంటకు ఒక చిన్న బొమ్మ తలుపు తెరచుకొని వచ్చి, గంట కొట్టి లోపలికి పోతుంది. మరొక బొమ్మ సుత్తితో క్షణములను లెక్కిస్తుంది. ఇల్తుత్మిష్ నామాంకితమైన జేడ్ శిలా వ్యాసపీఠం, అరబ్బీ, పారశీక, ఉర్దూ భాషల వ్రాతప్రతులు వేలకొలదిగా అదే భవనంలో చేరాయి.

సేకరణలో వివేచన తక్కువ అని, ఉత్తమ కళాఖండముల ప్రక్కనే ఆటవస్తువులు చోటు చేసికొన్నవని ఒక విమర్శ ఉంది. అందులో కొంత సత్యం లేకపోలేదు. కాని ఆయన దృష్టి వస్తువు వెలపై గాక పనితనంపై నిలిచిందని గ్రహిస్తే, గడియారపు బొమ్మకు, బంగారు అంచుల వ్రాతప్రతికి గల బంధుత్వం తెలియగలదు.

1949 మార్చి 2న సంతానం లేకుండానే ఆయన మరణించగా, ఈ సంపద చెల్లాచెదరయ్యే ప్రమాదం ఏర్పడింది. ఎస్టేటు కమిటీ దానిని కాపాడింది. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ ప్రదర్శనను తీర్చిదిద్దారు. 1951 డిసెంబరు 16న ప్రధాని నెహ్రూ దివాన్ దేవిడీలో మ్యూజియాన్ని ప్రారంభించారు. 1958లో వారసులు రాజీపత్రం ద్వారా సేకరణను భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో అది మూసీ దక్షిణతీరాన దారుల్‌షిఫాలోని నూతన భవనానికి చేరింది. గడియారపు బొమ్మను చూడవచ్చిన బాలురు, వ్రాతప్రతులను పరిశోధింపవచ్చిన పండితులు నేడు ఒకే ద్వారమున ప్రవేశిస్తున్నారు.