సి.కె.నాయుడు

సి.కె.నాయుడుగా ప్రసిద్ధి చెందిన కొట్టారి కనకయ్య నాయుడు (అక్టోబర్ 31, 1895 - నవంబర్ 14, 1967) భారత టెస్ట్ క్రికెట్ జట్టుకు మొట్టమొదటి నాయకుడు. కుడిచేతి వాటపు బ్యాట్స్‌మన్ అయిన ఇతడు బౌలింగ్‌లోనూ రాణించాడు. సిక్సర్లు కొట్టడంలో నేర్పరిగా జనంలో పేరు తెచ్చుకున్నాడు. అయితే దెబ్బలు తగిలినా క్రీజు వదలని పట్టుదల, అరవయ్యేళ్ళు దాటినా మైదానం వీడని దీక్ష ఇతడి క్రీడా జీవితానికి అసలైన బలం. పద్మభూషణ్ పురస్కారం పొందిన తొలి క్రికెట్ క్రీడాకారుడు ఇతడే.

బాల్యం, తొలి రోజులు

నాయుడు నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో జన్మించాడు. ఇతడి పూర్వీకులు మచిలీపట్నం ప్రాంతానికి చెందినవారు. తమ్ముడు సి.ఎస్.నాయుడు కూడా లెగ్ స్పిన్ బౌలర్‌గా భారత్ తరఫున టెస్టులు ఆడాడు.

1916లో బొంబాయిలో యూరోపియన్ జట్టుపై హిందూ జట్టు తరఫున ఫస్ట్‌క్లాస్ క్రికెట్‌లో ప్రవేశించాడు. ఆ పోటీలో సిక్సర్‌తోనే పరుగుల ఖాతా తెరిచాడు. 1923లో ఇండోర్ పాలకుడైన హోల్కర్ మహారాజు ఆహ్వానంపై ఆ సంస్థానపు సైన్యంలో అధికారిగా చేరి, ఇండోర్‌లోనే స్థిరపడ్డాడు. సైనిక క్రమశిక్షణ ఇతడి ఆటలోనూ, నాయకత్వంలోనూ చివరివరకు కనిపించింది.

1926 డిసెంబర్ 1న బొంబాయి జింఖానా మైదానంలో ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వంలోని ఎం.సి.సి. జట్టుపై ఆడిన ఇన్నింగ్స్ నాయుడి పేరును దేశమంతటా మారుమ్రోగించింది. రెండు గంటలలోపే 11 సిక్సర్లతో 153 పరుగులు సాధించాడు. ప్రత్యర్థి జట్టు ఇతడికి వెండి బ్యాట్‌ను బహూకరించింది. భారతీయుల ఆట స్థాయిని ఈ పర్యటనలో ప్రత్యక్షంగా చూసిన గిల్లిగన్, దేశానికంతటికీ ఒక క్రికెట్ సంఘం ఉండాలని ప్రోత్సహించాడు. 1928లో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఏర్పడింది.

టెస్ట్ క్రికెట్

భారత జట్టు తన మొదటి టెస్టును 1932 జూన్‌లో ఇంగ్లాండులోని లార్డ్స్ మైదానంలో ఆడింది. నాయుడికి అప్పటికే 36 ఏళ్ళు నిండాయి. ఆ రోజులలో జట్టు నాయకత్వం సంస్థానాధీశులకే దక్కడం ఆనవాయితీ. ఆ పర్యటనకు పోరుబందర్ మహారాజు నాయకుడిగా, లింబ్డి రాజవంశీకుడైన ఘనశ్యామ్‌సింహ్‌జీ ఉపనాయకుడిగా ఎంపికయ్యారు. టెస్టులో వారిద్దరూ తప్పుకోవడంతో, రాజవంశానికి చెందని నాయుడు తొలి టెస్టు నాయకుడయ్యాడు. ఫీల్డింగ్‌లో చేతికి గాయమైనా బ్యాటింగ్‌కు దిగి 40 పరుగులు చేశాడు. తొలి ఇన్నింగ్స్‌లో భారత జట్టుకు అదే అత్యధిక స్కోరు. ఆ టెస్టులో భారత్ 158 పరుగుల తేడాతో ఓడిపోయింది. ఆ పర్యటనలో ఫస్ట్‌క్లాస్ పోటీలన్నీ కలిపి నాయుడు 1,618 పరుగులు, 65 వికెట్లు సాధించాడు. విజ్డెన్ వార్షిక గ్రంథం 1933లో ఇతడిని ఆ ఏటి అయిదుగురు మేటి క్రీడాకారులలో ఒకడిగా ఎంపిక చేసింది.

1933-34లో డగ్లస్ జార్డీన్ నాయకత్వంలో ఇంగ్లాండు జట్టు భారత్‌కు వచ్చినప్పుడు మూడు టెస్టులకూ నాయుడే నాయకత్వం వహించాడు. బొంబాయిలో జరిగిన తొలి టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో లాలా అమర్‌నాథ్‌తో కలిసి మూడవ వికెట్‌కు 186 పరుగులు జోడించాడు. అందులో నాయుడి వాటా 67. అమర్‌నాథ్ సాధించిన 118 పరుగులు భారత టెస్టు చరిత్రలో మొదటి శతకం. ఈ సిరీస్‌లో భారత్ రెండు టెస్టులు ఓడి, కలకత్తా టెస్టును డ్రా చేసుకుంది.

1936 ఇంగ్లాండు పర్యటనకు నాయకత్వం విజయనగరం మహారాజ్‌కుమార్ (విజ్జీ)కి దక్కింది. మూడు టెస్టులలో ఆయన మొత్తం 33 పరుగులే చేయగలిగాడు. జట్టులో వర్గాలు ఏర్పడ్డాయి. టెస్టులు మొదలుకాకముందే అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో స్వదేశానికి పంపివేశారు. ఇటువంటి వాతావరణంలో నాయుడు తన చివరి టెస్టును ఓవల్ మైదానంలో ఆడాడు. గబ్బీ అలెన్ విసిరిన బంతి ఛాతీకి బలంగా తగిలినా మైదానం విడువక 81 పరుగులు చేశాడు. టెస్టులలో అదే ఇతడి అత్యధిక స్కోరు.

రంజీ ట్రోఫీ

టెస్టు జీవితం నలభయ్యేళ్ళ వయసులో ముగిసినా దేశవాళీ క్రికెట్‌లో నాయుడు మరో రెండు దశాబ్దాలు కొనసాగాడు. ఇతడు తీర్చిదిద్దిన హోల్కర్ జట్టు 1945-46, 1947-48, 1950-51, 1952-53 సంవత్సరాలలో రంజీ ట్రోఫీ గెలుచుకుంది. ముస్తాక్ అలీ, చందూ సర్వటే వంటి క్రీడాకారులు ఈ జట్టులోనివారే. 1945-46 ఫైనల్లో బరోడాపై నాయుడు 200 పరుగులు చేశాడు. అప్పటికి ఇతడి వయసు 50 ఏళ్ళు.

దెబ్బ తగిలిన నొప్పి బౌలర్‌కు కనబడనివ్వకూడదన్నది నాయుడి నియమం. 1951-52లో బొంబాయితో జరిగిన పోటీలో దత్తూ ఫడ్కర్ వేసిన బౌన్సర్ ముఖానికి తగిలి ఇతడి పళ్ళు ఊడిపోయాయి. వాటిని పిచ్ మీదనుంచి పక్కకు తోసి, చికిత్సకు కూడా వెళ్ళకుండా ఆట కొనసాగించి అర్ధశతకం దాటాడు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1953-54లో ఆంధ్ర జట్టు మొదటిసారి రంజీ ట్రోఫీలో పాల్గొన్నప్పుడు, 58 ఏళ్ళ నాయుడు దానికి నాయకత్వం వహించాడు. నాగపూర్‌లో పుట్టి ఇండోర్‌లో స్థిరపడిన ఇతడికి తెలుగునాటి క్రికెట్‌తో ఏర్పడిన ప్రత్యక్ష అనుబంధం ఇది. ఆనాడు తొలి అడుగులు వేసిన ఆంధ్ర క్రికెట్ క్రమంగా మారుమూల జిల్లాలకూ విస్తరించింది. కరవు సీమగా పేరుపడిన అనంతపురంలో, ఆర్.డి.టి. మైదానంలో 2024 సెప్టెంబర్‌లో దులీప్ ట్రోఫీ పోటీలు జరిగాయి.

1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున ఆడి రంజీ ట్రోఫీ నుంచి నాయుడు విరమించాడు. 1963-64లో ఒక సహాయార్థ పోటీలో ఆడినది ఇతడి చివరి ఫస్ట్‌క్లాస్ మ్యాచ్. అప్పటికి 68 ఏళ్ళు.

గణాంకాలు

టెస్టులు: 7 మ్యాచ్‌లు, 350 పరుగులు, సగటు 25.00, అత్యధిక స్కోరు 81, వికెట్లు 9.
ఫస్ట్‌క్లాస్: 207 మ్యాచ్‌లు, 11,825 పరుగులు, 26 శతకాలు, అత్యధిక స్కోరు 200, వికెట్లు 411.

టెస్టు గణాంకాలు చిన్నవిగా కనిపించడానికి ముఖ్య కారణం, దేశానికి టెస్టు అవకాశం వచ్చేనాటికే ఇతడు నడివయసుకు చేరువ కావడం.

గుర్తింపులు

1956లో భారత ప్రభుత్వం నాయుడిని పద్మభూషణ్‌తో సత్కరించింది. జాతీయ జట్టు ఎంపిక సంఘానికి అధ్యక్షుడిగా కూడా ఇతడు పనిచేశాడు. 1967 నవంబర్ 14న ఇండోర్‌లో మరణించాడు. భారత క్రికెట్ నియంత్రణ మండలి 1994 నుంచి ఇతడి పేరిట జీవన సాఫల్య పురస్కారం ఇస్తున్నది. దాని తొలి గ్రహీత లాలా అమర్‌నాథ్. 1996లో తపాలా శాఖ నాయుడి చిత్రంతో తపాలా బిళ్ళను విడుదల చేసింది. కుమార్తె చంద్రా నాయుడు దేశంలోని తొలి మహిళా క్రికెట్ వ్యాఖ్యాతలలో ఒకరు. ఆమె తండ్రి జీవిత చరిత్రను ఆంగ్లంలో రచించింది.